ఎస్తేరు ఆంటీ చెవిలో ‘వూష్’

2022లో నేను కలకత్తా భవానీపూర్‌లోని ఒక చెవి క్లినిక్‌లో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. వినికిడిని పరీక్షించడం నా పని. మందులు రాయను, ఆపరేషన్లు చేయను. బయటి చప్పుడు దూరని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లలో సన్నని శబ్దాలు వినిపించి, ఏవి వినబడ్డాయో గ్రాఫు తీస్తాను.

ఆ శీతాకాలం ఏక్‌బాల్‌పూర్ నుంచి ఎస్తేరు ఆంటీ వచ్చారు. యాభై దాటిన మనిషి. పుట్టింది శ్రీకాకుళం వైపు. భర్త ఇక్కడి రేవులో క్రేన్ నడుపుతాడు. వెంట కూతురు గ్రేస్ ఉంది. ఆంటీకి నెలల తరబడి కుడి చెవిలో చప్పుడు. అప్పటికే చూసిన డాక్టర్లిద్దరూ టినిటస్ అన్నారట. బయట ఏ శబ్దమూ లేకుండా చెవిలో మోత వినిపించడాన్ని అలా అంటాం. గంట మోగడాన్ని చెప్పే లాటిన్ మాటలోంచి వచ్చిందది. చాలామందికి దానివల్ల ప్రమాదం ఉండదు కాబట్టి అలవాటు చేసుకోమని చెప్పి, నిద్రమాత్రలు ఇచ్చారు. నిద్ర రాలేదు. ఇంట్లోవాళ్లు ఇదంతా మనసుకు పట్టిన జబ్బేమో అనుకోవడం మొదలుపెట్టారు.

పరీక్షలో వినికిడి చక్కగా ఉందని తేలింది. మరి ఈ మోత ఎక్కడిది?

“ఎలాంటి చప్పుడు ఆంటీ?” అని అడిగాను.

గ్రేస్ అందుకుంది. “రింగింగ్, దిదీ. భోఁ భోఁ అంటుంది.”

“అది కాదే. నానేటి సెప్తన్నాను, నువ్వేటి సెప్తన్నావు?” అన్నారు ఆంటీ.

గ్రేస్ కలకత్తాలోనే పుట్టి పెరిగింది. తల్లి ‘హోరు’ అంటే ఆమెకు అర్థం కాలేదు. డాక్టర్లకు బెంగాలీలో భోఁ భోఁ అని చెప్పింది. వాళ్లు దాన్ని ఇంగ్లీషులో రింగింగ్ చేశారు.

“మాటలతో చెప్పొద్దు ఆంటీ. ఆ చప్పుడు నోటితో చేసి చూపించండి.”

ఆవిడ సిగ్గుపడి తలుపు వైపు చూశారు. తర్వాత పెదాలు సున్నాలా చుట్టి, “వూష్... వూష్... వూష్...” అన్నారు.

ఇంగ్లీషులో అచ్చంగా ఆ మాటే ఉంది. గాలి, నీరు ఒక్కసారిగా దూసుకుపోయే చప్పుడును నోటితో అనుకరించగా పుట్టిన మాట. తర్వాత ఏది వేగంగా దూసుకుపోయినా వూష్ అనడం అలవాటైంది. బెంగాలీలో శోఁ శోఁ అంటారు, మనం హోరు అంటాం. గంట ఉన్నచోటే ఉండి మోగుతుంది. హోరు పుట్టాలంటే మాత్రం ఏదో ఒకటి పారుతూ ఉండాలి.

ఆవిడ ఆగి ఆగి చేసిన తీరు కూడా నన్ను పట్టి లాగింది. మణికట్టు పట్టుకుని, “ఆపకుండా చెయ్యండి” అన్నాను. ప్రతి వూష్‌కీ నా వేలి కింద నాడి కొట్టుకుంటోంది.

స్టెతస్కోప్ తీసి ఆవిడ చెవి వెనక ఎముక మీద ఆనించాను. అంతా నిశ్శబ్దం, ఆ వెనక సన్నగా అదే హోరు.

“నాకూ వినబడుతోంది ఆంటీ.”

“అయితే నాకు పిచ్చి నేదు గదమ్మా” అని ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. స్టెతస్కోప్ గ్రేస్ చెవులకు పెట్టాను. ఆ పిల్ల విని, తల్లి చెయ్యి పట్టుకుంది. “నేనే తప్పు చెప్పాను, మా.”

మా డాక్టరు వెంటనే ఆంటీని పెద్దాసుపత్రిలోని న్యూరో విభాగానికి పంపారు. అక్కడ రక్తనాళాల్లోకి రంగు ఎక్కించి ఫోటోలు తీశారు. దాన్నే యాంజియోగ్రామ్ అంటారు. మెదడు పైపొరలో ఒక ధమని, ఒక సిర నేరుగా కలిసిపోయి, రక్తం అడ్డదారిన ఉరుకుతోంది. వదిలేస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు. “సరైన సమయానికి తెచ్చారు” అన్నాడు అక్కడి బెంగాలీ డాక్టరు.

తల కొయ్యలేదు. తొడ దగ్గరి నాళం నుంచి సన్నని గొట్టం పైకి పంపి, జిగురులాంటి మందుతో ఆ అడ్డదారిని మూసేశారు. నేను సెలవు పెట్టి వెళ్లాను. మత్తు వదిలి ఆంటీ కళ్లు తెరిచేసరికి గ్రేస్, నేను మంచం పక్కనే ఉన్నాం. ఆవిడ మెల్లగా తల తిప్పి కుడి చెవిని దిండుకు ఆనించారు.

“ఎలా ఉంది ఆంటీ?”

“ఉండమ్మా, ఇంటన్నాను.”

ఆవిడ ముఖం విప్పారింది.

“ఏటీ నేదు.”

గ్రేస్ ఎంత గట్టిగా నవ్విందంటే వార్డు నర్సు వచ్చి కసిరింది. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరికో వినికిడి తిరిగి రావడం చూశాను కానీ, ఏమీ వినబడకపోవడం ఇంత పెద్ద గెలుపని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నా గదిలోకి ఎవరొచ్చినా ముందు చప్పుడు చేసి చూపించాల్సిందే. బ్యాంకు మేనేజర్లు ఈలలు వేస్తారు, ప్రొఫెసర్లు బుసలు కొడతారు, ఒకావిడ నాలుకతో టిక్ టిక్‌మని చూపించింది. బయట కూర్చున్నవాళ్లకు లోపల ఏం వైద్యం జరుగుతోందో అంతుపట్టదు. నేను మాత్రం చెవులు రిక్కించి వింటాను. జబ్బుకు పేరు ఆ తర్వాతే.