తోక లేని తేలు

తెల్లదొరల కాలం. నాకు పన్నెండేళ్ళు. రెంటచింతలలో ఉండేవాళ్ళం. చేతికి తేలు పచ్చబొట్టు ఉంటే తేలు కుట్టదని మా వైపు నమ్మకం. అక్కకున్నట్టే నాకూ కావాలని పోరుపెట్టాను.

పచ్చబొట్లు పొడిచే ఆమె వచ్చేనాటికి ఎండలు ముదిరి, నా ముంజేతి మీద చెమటకాయలు గోకి గోకి పుండ్లయ్యాయి. చూస్తే పొడవదేమోనని వాటి మీద పసుపు మెత్తుకుని వెళ్ళి కూర్చున్నాను.

“పసుపెందుకే పాపా?” అందామె.

“మా అమ్మ పూసింది” అని అబద్ధమాడాను.

మూడో రోజుకు చెయ్యి వాచిపోయి గాజులు పగలగొట్టాల్సి వచ్చింది. తేలు తోక దగ్గర చీము పట్టింది. ఎర్రటి చార మోచేతి దాకా పాకింది. నాన్న బండి కట్టి మాచర్ల తీసుకెళ్ళాడు.

“ఇంకా పైకి పాకితే చెయ్యి తీసెయ్యాలి” అన్నాడు డాక్టరు. నేను బావురుమని నిజం చెప్పేశాను.

“పుండు పడ్డ చర్మం తలుపు తీసిన ఇల్లమ్మా. దాని మీదే సూదులు గుచ్చితే కొత్త జబ్బు దూరదా?” అన్నాడాయన.

“ఏందే, తేలు కోసం చెయ్యి పోగొట్టుకుంటావా?” అంటూనే నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

మందులతో, కాపడాలతో పది రోజులకు తగ్గింది. చీముతో పాటు తోక కూడా పోయింది.

ఇప్పుడా మొండి తేలును చూసి మనవరాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నమ్మకం సంగతేమో గాని, ఇన్నేళ్ళలో నన్ను కుట్టిన తేలు అదొక్కటే.