మేక పోయిన ఇంటికి వచ్చిన చుట్టం

కెన్యా నుంచి ఒక టీచరమ్మ మా ఊరికి వచ్చిన వారంలోనే మా అమ్మ మేకను చిరుత ఎత్తుకుపోయింది.

మాది తమిళనాడులో పాలకోడు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆ టీచరమ్మ తన ఊళ్లో పశువుల కాపరుల పిల్లలకు చదువు చెబుతుంది. సింహాలను చంపకుండా కాపాడుకునే ఆడవాళ్ల సంఘంలో ఉంది. ఏనుగులు, చిరుతలు తిరిగే చోట మేమెలా బతుకుతున్నామో, బడిలో పిల్లలకు ఏం చెబుతున్నామో చూడాలని వచ్చింది. మా ఊరి సర్కారు బడిలో నేను ఇంగ్లీషు టీచర్ని. అందుకని బస మా ఇంట్లోనే.

మొదటి రోజు అమ్మ సంకోచపడుతూనే రాగి సంగటి పెట్టింది. టీచరమ్మ ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, ఆకుకూర అద్దుకుని తినేసింది. వాళ్లింట్లో మొక్కజొన్న పిండితో ఇలాగే వండుకుంటారట.

"అట్లయితే మన మనిషే," అంది అమ్మ.

మేక పోయిన పొద్దున అమ్మ దొడ్డి దగ్గరే కూలబడింది. ఈని ఎన్నాళ్లో కాలేదు. రెండు పిల్లలూ అమ్మ కొంగు చప్పరిస్తూ అరుస్తున్నాయి. వాగు గట్టున సగం తిన్న మేకను చూసి మా తమ్ముడు వెనక్కి వచ్చాడు.

"మళ్ళా తినేదానికి వస్తాది. మందు పోసి పెట్టేస్తాను," అన్నాడు. టమాటా తోటకు కొట్టే పురుగుమందు డబ్బా అప్పటికే చేతిలో ఉంది.

ముందురోజే చిరుతను ఎందుకు చంపకూడదో తరగతిలో చెప్పాను. అమ్మ ముఖం చూస్తూ ఆ మాట మళ్ళీ అనడానికి నోరు రాలేదు.

అమ్మే కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది. "పాపా, ఆయమ్మను అడుగు. వాళ్ల ఇంట్లో సింగం దేన్నైనా తిన్నాదా?"

అడిగాను. ఆమె మా అమ్మ పక్కన నేల మీద కూర్చుని, ఒక మేకపిల్లను ఒళ్లోకి తీసుకుంది.

"నా ఆవును తినింది," అంది. "పేరు పెట్టి పెంచుకున్న ఆవు. ఆ రోజు ఈటెలు పట్టుకుని బయల్దేరిన మగవాళ్లతో నేనూ పోదామనుకున్నాను. మా సంఘం ఆడవాళ్లు వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. చంపొద్దని ఒక్కరూ అనలేదు. నాతో పాటు ఏడ్చారు. మర్నాడు అందరూ కలిసి నా దొడ్డికి ముళ్లకంప కట్టారు. ఇక ఈటెలతో పోవాలనిపించలేదు."

నేను ఆ మాటలు తెలుగులో చెప్పడం అయ్యాక అమ్మ రెండో మేకపిల్లను దగ్గరికి లాక్కుంది.

"మన మేక పోయినాదని ఎవురూ రాలేదే పాపా," అంది. కోపంగా కాదు, చిన్నపిల్ల చెప్పుకున్నట్టు.

అది కూడా ఆమెకు చెప్పాను. ఆమె మా అమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కాసేపయ్యాక లేచి కొడవలి అడిగింది. చేను గట్టున ఉన్న తుమ్మకంప కొట్టడం మొదలుపెట్టింది. నేనూ వెంట నడిచాను. అది చూసి పక్కింటి అత్త పరుగున వచ్చింది.

"చుట్టానికి పని చెప్తారా ఎవురైనా? ఇట్లియ్యి!" అని కొడవలి లాక్కుంది. అత్త వెనకే ఆమె కోడలు, ఎదురింటి అక్క. వస్తూ వస్తూ అమ్మ దగ్గర ఆగి, మేక ఎట్లా పోయిందో అడిగి, అయ్యో అనుకుని మరీ కంప మోశారు. మధ్యాహ్నానికి దొడ్డి చుట్టూ నిలువెత్తు కంచె లేచింది.

తమ్ముడు ఎప్పుడు డబ్బా లోపల పెట్టేశాడో చూడలేదు. పార తీసుకుని వాగు వైపు పోయినాడని ఎవరో అన్నారు. తిరిగొచ్చి, "మేకను పూడ్చేసినాను మా," అన్నాడు. అమ్మ వాడికి మజ్జిగ ఇచ్చింది.

మర్నాడు నా తరగతి పిల్లలను ఆ కంచె దగ్గరికే తీసుకొచ్చాను. పాఠం టీచరమ్మ చెప్పింది, నేను తమిళంలోకి మార్చాను. చిరుతకు కూడా పిల్లలుంటాయా అని ఒక అమ్మాయి అడిగింది. మేకపిల్లకు పాలు పట్టిస్తూ, "ఉంటాయి," అని అమ్మే జవాబిచ్చింది.

టీచరమ్మ వెళ్లిపోయాక కూడా చిరుత వచ్చింది. కంచె చుట్టూ తిరిగిన అడుగులు బురదలో కనిపించాయి. మేకపిల్లలకు ఏమీ కాలేదు. పై వీధిలో మాత్రం ఒక దూడ పోయింది. ఆ ఇంటికి అందరికంటే ముందు మా అమ్మ వెళ్లింది. సాయంత్రం దాకా రాలేదు.

ఇప్పుడు అమ్మా, టీచరమ్మా నా ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపుకుంటారు. "వాన పడినాది. నువ్వు తిన్నావా?" అని అమ్మ తెలుగులోనే అడుగుతుంది. ఆమె తన భాషలో ఏదో చెప్పి నవ్వుతుంది. అమ్మ దాన్ని రెండుసార్లు పెట్టించుకుని వింటుంది.