రంగయ్యన్న చేపలు, కోడలి రాగి బిందె

నిన్న పొద్దున రేవులో ఓడ వార్త రాసుకుంటుంటే ఉప్పళం పేట మనిషి ఒకడు వచ్చి చెప్పాడు, కె. రంగయ్యన్న పోయాడని.

పేరు రెండుసార్లు అడిగాను. పత్రికకు రాసేవాడి అలవాటు.

రెండుసార్లూ అదే పేరు.

మూడు రోజుల జ్వరం. అంతే.

ఈ కాగితం మన నాలుగిళ్ళకే. తెలుగు చదవడం రానివాళ్ళకు, చదవడం వచ్చినవాళ్ళు వినిపించండి.

ఆయన వసారాలో గాజు తొట్టి మీకు తెలుసు. తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ ఒక ఫ్రెంచి దొర ఇచ్చిన తొట్టి. అందులో ఎర్ర చేపలు.

రెండేళ్ళ కిందట కోడలు కామాక్షి కాపురానికి వచ్చిన వారానికి, ఆ చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవసాగాయి. ఒక్కొక్కటే వెల్లకిలా తేలింది. అన్న రోజూ నీళ్ళు మార్చాడు.

మార్చేకొద్దీ ఎక్కువ చచ్చాయి.

నేను వెళ్ళేసరికి నాలుగు మిగిలాయి. "ఇంట్లో కొత్తగా ఏం మారింది?" అని అడిగాను.

పక్కింటి అక్క గుమ్మంలోంచే అందుకుంది. "ఏంది మారేది? కోడలు కాలు పెట్టింది."

ఆ మాట అప్పటికే వీధంతా తిరుగుతోంది. పిల్లను పుట్టింటికి పంపేయమని పెద్దలు చెబుతున్నారు. లోపల కామాక్షి గిన్నె తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

అన్న తొట్టినే చూస్తూ అన్నాడు. "కోడలొక్కతే వచ్చిందా? బిందె కూడా వచ్చింది కదా."

కొత్త రాగి బిందె. కామాక్షి రోజూ చింతపండుతో తోమేది. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్ళు మేలని, చేపలకు అవే పోయమన్నది రంగయ్యన్నే.

రెండు మూకుళ్ళు తెచ్చాడు. రెండింట్లోనూ ఒకే బావి నీళ్ళు. ఒకదాంట్లో బిందెవి, రెండోదాంట్లో మట్టికుండవి. ఒక్కో చేపను వదిలాడు.

మర్నాటికి బిందె నీళ్ళలోది తేలింది. కుండ నీళ్ళలోది ఈదుతోంది.

వీధివాళ్ళను పిలిచి రెండూ చూపించాడు. "పిల్ల కాలు కాదు, రాగి నీళ్ళు. నా తెలివి. చంపింది నేను."

"ఆ నీళ్ళే నువ్వూ తాగితివి కదప్పా, నీకేం కాలేదే?" అంది పక్కింటి అక్క.

"నేను చేపను కాదు కదక్కా."

తప్పు తనదని నలుగురి ముందు ఒప్పుకున్న మనిషి గురించి నేను వార్త రాసిన సందర్భాలు చాలా తక్కువ.

కామాక్షి పుట్టింటికి వెళ్ళలేదు.

జ్వరంలో కూడా ఆమెను అడిగాడట, "కుండ నింపినావా అమ్మా?" అని.

నిన్న సాయంత్రం మేం శ్మశానం నుంచి వచ్చేసరికి, ఆ కుండలోని నీళ్ళు ఆమె చెంబుతో కొంచెం కొంచెంగా తొట్టిలో పోస్తోంది. నిలబడి చూశాను.

ఒక్క చేపా పైకి రాలేదు. అడుగునే తిరుగుతున్నాయి.

వెళ్ళిరా, రంగయ్యన్నా. నీళ్ళు బాగున్నాయి. నిశ్చింతగా పడుకో.