బాపట్లలో 'ఎత్ర్' పారాయణ

వేసవి సెలవులు ముగిసిన తొలి సోమవారం బాపట్లలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఫ్రెంచి లెక్చరర్‌గా చేరాను. ఇల్లు తెనాలి పక్కన అంగలకుదురు. మా ఇంట్లో శనివారాలు వేయి నామాల పారాయణ. నాన్నగారి తరువాత బృందానికి ముందు గొంతు నాదే.

ఫ్రెంచిలో 'ఎత్ర్' అంటే 'ఉండు'. ఒక పద్ధతికి లొంగని క్రియ. వర్తమానంలో ఒక ముఖం, భూతంలో ఇంకొకటి, భవిష్యత్తులో వేరొకటి. ఆపైన కోరికకు, ఆజ్ఞకు విడివిడి రూపాలు. ఎప్పుడూ ఉండే దేవుడే ఇన్ని అవతారాలెత్తాక, 'ఉండు' అనే క్రియ బుద్ధిగా ఉండాలనుకోవడం అత్యాశ. అందుకే పిల్లల చేత పారాయణ చేయించాను. 'జ స్వీ, త్యు ఎ', అంటే నేనున్నాను, నువ్వున్నావు, అని ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకోవాలి. చివర్లో చేతులు కళ్ళకద్దుకోవడం వాళ్ళే కలిపారు. నేను కాదనలేదు.

ఆఖరి సంవత్సరం మౌఖిక పరీక్షకు విశాఖపట్నం నుంచి పరీక్షకుడు వచ్చారు. పాఠం చెప్పిన నేను పక్కన కూర్చోవచ్చు, నోరు తెరవకూడదు. చెరుకుపల్లి నుంచి బస్సులో వచ్చే పద్మజకు పుదుచ్చేరి హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం ఖాయమైంది, ఫ్రెంచి ప్యాసైతేనే.

పరీక్షకుడు 'ఎత్ర్'కు కోరికను తెలిపే రూపాలు అడిగారు. పద్మజ కళ్ళు మూసుకుని వర్తమానం నుంచి ఎత్తుకుంది.

"అది కాదమ్మా, నేనడిగింది చెప్పు."

"అక్కడికే వస్తున్నానండి." మళ్ళీ మొదటి నుంచి.

భూతకాలం దగ్గర ఆపారు. "ఏంటిది, భజనా?"

"మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నుంచి రావాలండి."

మూడోసారి ఎత్తుకునేసరికి, వరండాలో వంతు కోసం నిలబడ్డవాళ్ళు అలవాటుగా గొంతు కలిపారు.

"ఫ్రెంచివాడు వచ్చి గది అడిగితే ఇలాగే పాడతావా?" అంటూ ఆయన సున్నా చుట్టబోయారు.

పద్మజ కళ్ళు తెరిచింది. "సోయె పాస్యాఁ, మస్యొ!" అంది. ఓపిక పట్టండి సార్, అని. ఆ 'సోయె' 'ఎత్ర్'కు ఆజ్ఞా రూపం, మా పారాయణలో ఆఖరున వస్తుంది. కోపంతో నేరుగా అక్కడికి దూకింది.

నేను మనసులో వేయి నామాలు మొదలుపెట్టాను. ఎంతసేపు ఆగాలని ఆయన ఫ్రెంచిలో అడిగారు. గది సిద్ధమవుతోంది, కూర్చోండని ఆమె ఫ్రెంచిలోనే చెప్పింది.

"ఇదమ్మా నాకు కావలసింది," అని ఆయన ప్యాసు మార్కులు వేశారు. నా వైపు తిరిగి, "మాస్టారూ, మీ క్లాసుకి హారతి పళ్ళెం ఒక్కటే తక్కువండి," అన్నారు.

కంఠస్థం చేస్తే రూపాలు నోట్లో నిలుస్తాయి. అవి మాటలుగా బయటికి రావాలంటే ఎవరో అడ్డుపడాలి. పదవీ విరమణ దాకా క్లాసులో ఆ అడ్డుపడే పని నేనే చేశాను. శనివారాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. మొన్న పారాయణ మధ్యలో మా ఆవిడ "పాల ప్యాకెట్లు తెచ్చారా?" అని అడిగింది. బృందమంతా మొదటి నామానికి వెళ్ళాం.