టక్కుమనని కెమెరా

మందమర్రిలో మొండయ్య పదమూడేళ్లుగా ఒకే కెమెరాతో ఫొటోలు తీస్తున్నాడు. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క అంటించాడు. ముందువైపు రాసి ఉన్న పేరు అరిగిపోయింది. ఆ అరగడమే ఆయన కొంప ముంచింది. ఎందుకంటే ఇప్పుడు ఫొటో ఎలా వచ్చిందని అడిగేవాడు లేడు, కెమెరా ఏదని అడిగేవాళ్లే అందరూ.

పెళ్లికొడుకు ఏం పని చేస్తాడో కనుక్కోవడం మరిచిపోయినవాళ్లు కూడా, ఫొటోగ్రాఫర్ కెమెరాలో అద్దం ఉందో లేదో మాత్రం తప్పకుండా కనుక్కుంటున్నారు. అద్దం లేనిదే, అంటే మిర్రర్‌లెస్సే, గొప్పదట! ఎదురు వరసలో కొత్తగా స్టూడియో పెట్టిన ప్రణయ్ దగ్గర అలాంటిది ఉంది. మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుందట. కళ్లు ముఖం మీదే ఉంటాయని మొండయ్య ఇన్నేళ్లూ ఎవరి సాయం లేకుండానే కనిపెట్టాడు. ఆ విద్యకు ఇప్పుడు విలువ లేదు. ఈ ఏడాది పెళ్లిళ్లు సగం ప్రణయ్‌కే పోయాయి.

లెన్సులు పాతవే ఉంచుకుని కెమెరా బాడీ ఒక్కటి మారిస్తే చాలంటారు తెలిసినవాళ్లు. మారుద్దామా వద్దా అని మొండయ్య మూడు నెలలుగా ఫోన్లో వీడియోలు చూస్తున్నాడు. ఒకడు కొనమంటాడు, ఒకడు వద్దంటాడు, చివర్లో ఇద్దరూ గంట నొక్కమంటారు.

"కొంటె కొను, లేకుంటె ఇడిసిపెట్టు. గా వీడియోల లొల్లి నాతోని కాదు," అంది భార్య తిరుమల.

అంతలో కార్మికుల కాలనీలో ఉండే హనుమండ్లు రిటైరయ్యే రోజు వచ్చింది. బొగ్గుబాయిలో ముప్పయ్యారేళ్లు చేసిన మనిషి దిగిపోతుంటే ఆ కాలనీలో జరిగే సంబరం పెళ్లికేమీ తీసిపోదు. దండలు, డీజే, ఊరేగింపు, వీధికి అడ్డంగా ఫ్లెక్సీ. దుబాయిలో ఉన్న కొడుకు గోపాల్ ఫోన్ చేశాడు.

"కాకా, కొత్త కెమెరా ఉంటెనే రా. లేకుంటె ప్రణయ్‌కు చెప్పుకుంట."

మొండయ్యకు ఒళ్లు మండింది. ఆ గోపాల్ పుట్టువెంట్రుకలు తీసిన నాడు, అప్పటి రీలు కెమెరాతో ఫొటో తీసింది తనే. ఈ పని కూడా చేజారితే ఇక స్టూడియోకు తాళమే. అందుకే కరీంనగర్ బస్సెక్కాడు. అక్కడ మోయిజ్ కెమెరాలు కిరాయికి ఇస్తాడు. రెండ్రోజులకు తెచ్చి చూద్దాం, బాగుంటే పాతది అతనికే ఇచ్చేసి కొత్తది కొనేద్దాం అనుకున్నాడు.

"జర పైలం మొండన్నా. దీనికి దుమ్ము తగలొద్దు," అన్నాడు మోయిజ్.

బొగ్గు ఊరికి పోయే కెమెరాకు ఆ షరతు పెట్టడం, చేపను తడవకుండా పట్టుకు రమ్మనడమే.

ఆ భయంతోనే, హనుమండ్లు చివరి షిఫ్టు దిగే వేళకు కొత్త కెమెరా సంచిలో పడుకుంది, పాతదే మొండయ్య మెడకెక్కింది. బాయిలోంచి క్షేమంగా పైకి వచ్చినవాళ్లు లైట్లు తిరిగి అప్పగించే దీపాల గది కిటికీ దగ్గర హనుమండ్లు టోపీ లైటు విప్పి, రోజూ ఇచ్చినట్టే లోపలికి అందించాడు. అందించాక చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కెమెరా టక్కుమంది. అప్పుడు తీసుకున్నాడు. ఆ మసక వెలుతురులో పాత కెమెరా ఎలా తీస్తుందో మొండయ్యకు తెలుసు. ముఖమంతా గరుకు గరుకుగా చుక్కలు వచ్చాయి. ఇది పనికిరాదనుకున్నాడు.

సాయంత్రం కాలనీలో ఊరేగింపు వేళకు కొత్తది బయటికి తీశాడు. అది టక్కుమనదు. ఆ ఊళ్లో ఫొటో అయిందని జనానికి తెలిసేది ఆ టక్కుతోనే. హనుమండ్లు మెడలో దండలతో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. భార్య ఐలవ్వ ఆయన నోటి దగ్గర మైసూర్‌పాక్ పెట్టి ఆగింది. మొండయ్య పదిహేను ఫొటోలు తీశాడు. ఒక్కరూ కదల్లేదు.

"తియ్యవేంది మొండయ్యా? షుగరున్నోనికి గింతసేపు మిఠాయి సూపియ్యొద్దు," అంది ఐలవ్వ.

"తీసిన వదినె."

"సప్పుడు రాలే గదా!"

చప్పుడు పెట్టే మీట ఎక్కడో ఉండే ఉంటుంది. మూడు నెలల వీడియోల్లో ఒక్క మహానుభావుడూ ఆ ముక్క చెప్పలేదు. విధిలేక మొండయ్య ప్రతి ఫొటోకూ నోటితో "టక్" అనడం మొదలుపెట్టాడు. అంత ఖరీదైన యంత్రం చెయ్యలేని పని ఆయన నాలుక మీద పడింది.

మర్నాడు పొద్దున ఫొటోలు కంప్యూటర్లో వేసి చూశాడు. కెమెరా మాట తప్పలేదు, కళ్లు వెతికి పట్టుకుంది. కాకపోతే అవి వెనక ఫ్లెక్సీ మీద శుభాకాంక్షలు చెబుతున్న ముప్పై మందివి. దండల్లో ముక్కు దాకా మునిగిన హనుమండ్లు మసకగా ఉన్నాడు. భయపడుతూనే గోపాల్‌కు పంపాడు.

"జబర్దస్త్ కాకా! ఫ్లెక్సీల నేనెంత క్లియర్‌గ వచ్చిన్నో!" అన్నాడు గోపాల్. తండ్రి ముఖం సంగతి ఎత్తనే లేదు.

అంటే కొత్త కెమెరా గెలిచినట్టే. పాతదాన్ని తువ్వాలలో చుట్టి సంచిలో పెడుతుంటే మొండయ్యకు ఏడుపొచ్చింది. కరీంనగర్ బయల్దేరుతుండగా ఐలవ్వ వచ్చింది, ఆల్బమ్‌కు ఫొటోలు ఏరడానికి. ఊరేగింపు ఫొటోలన్నీ ఊరికే చూసింది. దీపాల గది ఫొటో దగ్గర ఆగిపోయింది.

"గిది పెద్దగ చేసియ్యి. గోడకు పెట్టుకుంట."

"వద్దు వదినె. అన్ని చుక్కలే వచ్చినయ్."

"బాయికాడ దుమ్ముండదా మరి? దుమ్ము గూడ మంచిగ వడ్డది." ఐలవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ముప్పయ్యారేండ్లు రోజు షిఫ్టు అయినంక, గా లైటు మర్లిచ్చిండో లేదోనని వాకిట్ల నిలవడ్డ. ఇచ్చుడు ఒక్కనాడన్న సూడలే. ఇగో, గిప్పుడు సూసిన."

ఏ కెమెరాతో తీశావని ఆమె అడగలేదు. మొండయ్య సంచిలోంచి తువ్వాల తీసి విప్పాడు.

"వదినె, జర గట్లనే గిటు దిక్కు సూడు," అన్నాడు.

ఐలవ్వ ఊపిరి బిగబట్టింది. కెమెరా టక్కుమంది. ఊపిరి వదిలింది.