మెడ మీద పచ్చ గీత

2022 ఫిబ్రవరి 13, ఆదివారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, మల్లాపూర్‌లోని ఒక పాత సామాన్ల గోదాములో, గోలీ సోడా సీసాలున్న గోనెసంచి మూతి విప్పాను. పక్కన మా కార్ఖానాలోనే పనిచేసే సీనియర్ మెకానిక్ ఉన్నారు. ఆయనది నాచారం. పాత సీసాలు సేకరించే అలవాటు మా ఇద్దరికీ ఉందని తెలిసినప్పటి నుంచి నన్ను తమ్మీ అని పిలిచేవారు. సంచిలో ఇరవై సీసాలున్నాయి. మందమైన గాజు, నొక్కినట్లుండే మెడ, అందులో గోలీ. ఇలాంటివి పగలకుండా దొరకడం ఇప్పుడు అరుదు; గోలీ కోసం పిల్లలు పగలగొట్టినవే ఎక్కువ.

"సంచి నువ్వు దొరకవట్టినవ్. ముందుగాల నువ్వే ఏరుకో తమ్మీ," అన్నారాయన.

మూతి అంచు దెబ్బతినని పన్నెండు నేను తీసుకున్నాను. అంచులు విరిగిన ఎనిమిది ఆయనకు మిగిలాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఏ పనైనా పద్ధతిగా జరగాలన్న పట్టుదల ఎక్కువ. ఉప్పల్‌లోని మా ఇంట్లో వారం రోజులు వాటిని కడిగాను. ఒక్కో సీసాకు రిజిస్టరులో ఒక పేజీ కేటాయించి, ఎత్తు, బరువు, గాజు రంగు రాశాను. నాలుగింటి మెడల చుట్టూ పచ్చ రంగు అంటుకొని ఉంటే థిన్నర్‌తో రుద్ది, "మెడపై మరక: తొలగించబడినది" అని నమోదు చేశాను. తరువాత అన్నింటినీ అద్దాల బీరువాలో పెట్టాను.

నాన్న బీరువా ముందు కొద్దిసేపు నిలబడి, "మంచిగ మెరుస్తున్నయ్," అని లోపలికి వెళ్లిపోయాడు. నాన్న ఒకప్పుడు ఉప్పల్‌లో సోడా బండి నడిపాడు. నాకు ఊహ తెలియకముందే ఆ పని మానేశాడు. దాని గురించి నేను ఏనాడూ అడగలేదు. ఆఫీసులో ఎవరైనా అడిగితే, "సొంత వ్యాపారం చేసేవారు," అనేవాణ్ణి.

మెకానిక్ తన సీసాలను కడగనే లేదు. దుమ్ముతోనే తన ఇంటి కిటికీ గట్టు మీద వరుసగా నిలబెట్టారు. అయినా క్యాంటీన్‌లో నలుగురు ఆయన చుట్టూ చేరి ఆ సీసాల గురించే అడిగేవారు. నేను రిజిస్టరు తీసుకెళ్లి చూపిస్తే, "బాగుంది సార్," అని టిఫిన్ డబ్బా మూత తీసేవారు. అసూయ అన్న మాట నా గురించి రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ అది అసూయే.

జూన్‌లో ఒక సాయంత్రం, నాన్నను నాచారంలో దవాఖానాకు తీసుకెళ్లి తిరిగి వస్తూ, మెకానిక్ ఇంటి ముందు బండి ఆపాను. నా ఉద్దేశం దాచను. ఆ విరిగిన సీసాలు చూసి, మనవే నయమని నాన్న ఆయన ముందే అంటే వినాలనిపించింది.

లోపలికి వెళ్లాక నాన్న కిటికీ గట్టు మీది నుంచి ఒక సీసా తీసి, చెవి దగ్గర పెట్టుకొని గోటితో తట్టాడు. తరువాత వెలుతురుకు తిప్పి, మెడ దగ్గర చూపు నిలిపాడు. అక్కడ పచ్చటి గీత ఉంది.

"గిది నాదే," అన్నాడు.

"నీదేంది నాయినా?" అన్నాను.

"నా బండి సీసరా. గీ పచ్చ గీత నేనేసిందే. అప్పట్ల అందరి సీసలు హోటళ్లల్ల కలిసిపోతుండె. ఎవని సీస వానికి రావాలంటే మెడకు రంగేసుడే. పక్క బండోనిది ఎర్రది, నాది పచ్చది."

మెకానిక్ నేల మీదే బాసింపట్టు వేసుకొని కూర్చున్నారు. "గ్యాస్ ఎట్ల నింపుతుంటివే కాకా?" అని అడిగారు.

అంతే, నాన్న గంటసేపు మాట్లాడాడు. యంత్రం చక్రం తిప్పే తీరు చెప్పాడు. సీసా తలకిందులైనప్పుడు గోలీ బిగుసుకునే చప్పుడును నోటితో చేసి చూపించాడు. "ఒకపారి సీస పేలింది, గిదో," అంటూ మోచేతి కింద మచ్చ చూపించాడు. చిన్నప్పుడు నేనడిగితే పిల్లి గీకిందని చెప్పిన మచ్చ అది.

ముప్పై నాలుగేళ్లలో నాకు దక్కని మాటలు మెకానిక్‌కు దక్కాయి. అందుకోసం ఆయన చేసిందల్లా కింద కూర్చొని అడగడమే. నా కళ్లు మండాయి.

"అన్నా, ఆ సీసా నాకియ్యి. నావాటిల్ల ఏవన్న మూడు తీసుకో," అన్నాను.

"మూడెందుకు తమ్మీ? కాకది కాకకే ఇస్త," అని మెకానిక్ దాన్ని నాన్న చేతిలో పెట్టారు.

నాన్న లేచి, సీసాను మళ్లీ కిటికీ గట్టు మీద నిలబెట్టాడు. "వద్దు బిడ్డా, నీ కాడనే ఉండనీ. మావోనికిస్తే కడుగుతడు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వినట్లు ముఖం పెట్టాను.

ఇంటికి వచ్చి రిజిస్టరు తెరిచాను. "మెడపై మరక: తొలగించబడినది." నాలుగు పేజీల్లో, నా చక్కటి చేతిరాతలో. ఆ పేజీల సంగతి నాన్నకు ఇంతవరకు చెప్పలేదు.

ఆ తరువాత నేను సీసాలు కడగడం మానేశాను. నాన్న ప్రతి ఆదివారం నాచారం వెళ్తున్నాడు. బండి మీద నేనే తీసుకెళ్లి, మెకానిక్ ఇంటి గేటు దగ్గర దింపి వెనక్కి వస్తున్నాను.