తమ్ముడి గోడకు జానెడు దూరం

మా మేడం ఇక లేరని క్లాసు గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను సెలవులకు కుప్పంలో ఉన్నాను. మొదట నమ్మలేదు. పుంగనూరు బస్సెక్కాక నమ్మాను.

మదనపల్లె ఇంజనీరింగ్ కాలేజీలో మాకు ఆమె కట్టడాలు నిలబడే తీరు చెప్పేవారు. భూకంపం పాఠం మాత్రం నేను బస్సులో నేర్చుకున్నాను. ఒకసారి ఇద్దరం నిలబడి పుంగనూరు పోతున్నాం. మలుపు తిరిగినప్పుడల్లా నా తల పక్కనున్న పొడుగాయన మోచేతికి కొట్టుకునేది. మేడం నవ్వారు. "ఊగేది తప్పు కాదమ్మా. ఆయన ఊపు వేరు, నీ ఊపు వేరు. నడుమ ఎడం లేదు, అదీ తప్పు." పుస్తకంలో గ్యాప్ అని ఉండేది. ఆ రోజు నుంచి నా నోట్సులో ఎడం అనే రాసుకుంటున్నాను, అంత నచ్చిందా మాట.

పుంగనూరులో తన తమ్ముడి పాతింటి పక్కనే ఇల్లు కట్టుకుంటూ మేడం తన గోడను జానెడు వెనక్కి జరిపారు. మా వైపు అయినవాళ్లు గోడకు గోడ ఆనించే కడతారు. గృహప్రవేశానికి వెళ్లిన మా అందరి ముందే తమ్ముడు అనేశాడు.

"పరాయోళ్లమై పోతిమా అక్కా?"

"అది కాదురా. నా శ్లాబు సరిగ్గా నీ గోడ నడుముకాడికి వస్తాది. భూమి కదిలితే పైకి పోయేకొద్దీ ఊపు ఎక్కువ, సుత్తి మాదిరి కొడ్తాది. పొయ్యేది నీ ఇల్లే."

"పుంగనూర్లో భూకంపమా! దానికి బస్సు దొరకాల గదా!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వారు. "రాకుంటే మంచిదే. వచ్చినాక గోడల్ని జరగమంటే జరగవు గదరా."

తర్వాత ఆయన ఆ గడప తొక్కలేదు. ఆమె ప్రతి ఉగాదికీ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి గిన్నెలో పంపేవారు. గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది. "తిన్నాడు గదా, చాలు," అనేవారు.

పోయిన ఆదివారం మేడం వాళ్లమ్మను చూడ్డానికి మళ్లీ వెళ్లాను. తమ్ముడు పాతింటి మీద మేడ లేపుతున్నాడు. మేస్త్రి పైనుంచి అడిగాడు. "అప్పా, మేడ గోడ ముందుకు తెచ్చి అక్కోళ్ల గోడకు ఆనిద్దామా? జాగా కలిసొస్తాది."

ఆయన నావైపు తిరిగాడు. "మా అక్క చెప్పింది నిజమేనా పాపా? దెబ్బ మా గోడకేనా?"

"అవును అంకుల్. అందుకే తన స్థలంలోంచే ఎడం వదిలారు."

ఆయన తలెత్తి గట్టిగా అరిచాడు. "ఆనించొద్దప్పా! పైకి పోయేకొద్దీ ఊపు ఎక్కువంట. మా అక్క చెప్పింది. ఇంకా లోపలికి జరుపు!"

మేస్త్రి గోడ నిలువు చూసే, గుండు కట్టిన తూకం దారాన్ని లోపలికి జరిపి వదిలాడు. రెండిళ్ల నడుమ అది గాలికి ఊగుతూ ఉండింది. ఏ గోడకూ తగల్లేదు.